లావెండర్ సీసా, అర్ధరాత్రి ఫోను

తాడిపత్రి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 46 ఏళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడతారు. భర్త లారీ డ్రైవరు. పాలిష్ బండల లోడు ఎత్తుకుని ఎక్కువగా తమిళనాడు వైపు పోతుంటారు. ఇంట్లో ఆమె, ఆమె అత్తగారు ఇద్దరే. అత్తగారికి 74 ఏళ్లు, ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతారు. ఒక్కతే కూతురు, బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది.

పోయిన ఏడాది భర్త స్నేహితుడి లారీ గువ్వలచెరువు ఘాట్‌లో బోల్తా పడింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు గానీ ఇప్పటికీ సరిగా నడవలేకపోతున్నారు. అప్పటి నుంచి ఈమెకు నిద్ర దూరమైంది. భర్త ఎక్కడో ఒకచోట బండి ఆపి ఫోన్ చేసేదాకా కన్ను మూతపడదు. ఆ ఫోను ఒకసారి పదకొండుకు వస్తుంది, ఒకసారి రెండింటికి. వచ్చాక కూడా తెల్లవారుజాము దాకా దొర్లడమే. మధ్యలో ఒళ్లంతా చెమట పట్టి లేస్తారు. నెలసరి కూడా ఈమధ్య క్రమం తప్పింది. ఈ మాట భర్తతో అంటే, “నేను నిద్ర మానుకొని బండి తోల్తాంటే నీకు ఇంట్లో పండుకొని నిద్ర పట్టలేదా?” అన్నారట. ఆ తర్వాత ఆయన దగ్గర ఆ ఊసే ఎత్తలేదు.

కూతురు బెంగళూరు నుంచి రెండు లావెండర్ నూనె సీసాలు పంపింది. ఒకటి అమ్మకు, ఒకటి నాన్న లారీ క్యాబిన్‌కు. దిండు మీద రెండు చుక్కలు వేసుకుంటే మొదట కొన్నాళ్లు బాగానే నిద్ర వచ్చిందట. తర్వాత మళ్లీ మామూలే. వాసన చాలడం లేదేమోనని కూలర్ నీళ్లలో కూడా పోశారు. ఆ రాత్రి అత్తగారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. “ఆ సెంటు ఇంట్లో ఉంటే నేను ఉండను” అని ఆమె మొండికేశారు. ఇప్పుడు ఈ పాఠకురాలు, ఎవరో వీడియోలో చెప్పారని, గోరువెచ్చని పాలలో రెండు చుక్కలు కలుపుకుని తాగుదామా అని ఆలోచిస్తున్నారు.

ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకో సంగతి రాశారు. మామగారు పోయినప్పుడు అత్తగారికి రాసిన ఆల్‌ప్రజోలామ్ అనే మత్తు మాత్ర ఒకటి, 0.25 మిల్లీగ్రాములది, ఐదు నెలలుగా దాదాపు రోజూ ఈమే వేసుకుంటున్నారు. పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇచ్చేస్తున్నారట. ఇది భర్తకు తెలీదు, కూతురికి తెలీదు. “లావెండర్ పనిచేస్తే ఈ మాత్ర మానేద్దామని నా ఆశ. కూతురేమో నీకు వాడటం రావట్లేదంటుంది, అత్తేమో పారేయమంటుంది. నేనేం చేయాలి?” అని అడిగారు.

అమ్మా,

మీరు చివర్లో రాసిన దాంతోనే మొదలుపెడతాను. నూనె సంగతి కంటే అదే ముందు తేలాలి.

ఆ మాత్ర ఈ రాత్రికి రాత్రే మానేయకండి. ఐదు నెలలు రోజూ వేసుకున్న ఆల్‌ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంతకు ముందుకంటే ఘోరంగా చెడుతుంది. గుండెదడ, చేతుల వణుకు, కారణం లేని భయం వస్తాయి. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. అలా జరిగినప్పుడు చాలామంది “చూశావా, మాత్ర లేకపోతే నేను బతకలేను” అనుకుని మళ్లీ మొదలుపెడతారు. అది పాత జబ్బు తిరిగి రావడం కాకపోవచ్చు, మాత్రను ఉన్నట్టుండి లాగేసినందుకు శరీరం పడే బాధ కావచ్చు. మోతాదును డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మీరు వేసుకుంటున్నది చిన్న మోతాదే, కాబట్టి బయటపడటం కష్టమేమీ కాదు. కానీ ఒంటరిగా చేయాల్సిన పని మాత్రం కాదు.

అలాగని ఇలాగే కొనసాగించడమూ మంచిది కాదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు షాపువాళ్లు పుస్తకంలో రాసుకోవాలి. వేరేవాళ్ల పేరుతో ఉన్న పాత చీటీకి ఇస్తున్నారంటే అది మీకు చేసిన మేలు అనుకోకండి. రోజులు గడిచేకొద్దీ ఒళ్లు ఈ మందుకు అలవాటు పడుతుంది, అదే మోతాదుకు మునుపటంత నిద్ర రాదు. అప్పుడు ఒకటి రెండవుతుంది. మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: “మొదట్లో సగం సరిపోయేది.” ఆ మాటే మీరు డాక్టరుకు చెప్పాల్సింది.

ఇక లావెండర్.

పాలలో కలుపుకుని తాగడం మాత్రం వద్దు. ఈ సలహా ఎక్కడి నుంచి పుట్టిందో చెబితే ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. జర్మనీలో లావెండర్ నూనెతో చేసిన 80 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఉంది, సిలెక్సాన్ అనే ప్రత్యేక నూనెతో తయారవుతుంది. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్ల మీద దాన్ని పరీక్షించారు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు వారాల పాటు కొందరికి ఆ మాత్ర, కొందరికి లోరాజెపామ్ ఇచ్చి చూస్తే ఆందోళన రెండు వైపులా దాదాపు ఒకేలా తగ్గింది. లోరాజెపామ్ అంటే మీరు వేసుకునే మాత్రకు చుట్టమే. లావెండర్ మాత్ర వేసుకున్నవాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో ఆ వాసనతో త్రేన్పులు రావడం ఒకటి. ఇంతవరకు మాట నిజమే. వీడియోలవాళ్లు అక్కడి నుంచి లెక్క కట్టి, రెండు చుక్కలంటే ఎనభై మిల్లీగ్రాములకు దగ్గరే కదా, పాలలో వేసుకోండి అంటారు. చుక్క చుక్కకూ బరువు మారుతుంది. సీసా సీసాకూ నూనె మారుతుంది. మీ చేతిలో ఉన్నది వాసన చూడటానికి చేసిన నూనె, లోపలికి తీసుకునే మందులా ఎవరూ దాన్ని పరీక్షించి ఉండరు. గొంతు మండటం, కడుపులో తిప్పడం, వాంతులు, మత్తు రావచ్చు. పైగా మీరు రాత్రి వేసుకునే మాత్ర కూడా మత్తు మందే. ఆ రెండూ లోపల కలిస్తే నిద్రమత్తు ఎంత పెరుగుతుందో ఇంట్లో కూర్చుని అంచనా వేయలేం. రాత్రి మీరే లేచి పెద్దావిడకు ఇన్‌హేలర్ అందించాల్సిన ఇంట్లో ఇది అసలే వద్దు.

తాగాలనే ఉంటే ఎండు లావెండర్ పూల టీ ఒక దారి. ఒక చెంచా పూలు కప్పు వేడినీళ్లలో వేసి మూతపెట్టి వడకట్టుకోవడమే. యూరప్‌లో టెన్షన్‌కూ నిద్రకూ ఇంటి వైద్యంగా దీన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు, అక్కడి మందుల సంస్థ కూడా ఈ పూలనూ నూనెనూ ‘సంప్రదాయంగా వాడుతున్నవి’ అన్న కింద ఒప్పుకుంది. గట్టి పరీక్షల్లో రుజువైంది అన్న కింద కాదు. ఆ తేడా గుర్తుపెట్టుకుని వాడితే చాలు. కాకపోతే నిద్రకు ముందు కప్పు నిండా ఏది తాగినా అర్ధరాత్రి బాత్రూముకు లేవాల్సి వస్తుంది, మీకు ఉన్న మెలకువలు చాలు. సాయంత్రం ఏడింటికి తాగితే నయం. ఈ టీకైనా, మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడేదాకా ఆగండి.

వాసన పీల్చడం గురించి మీ కూతురు చెప్పింది వట్టి మాట కాదు. లావెండర్ వాసన చూపిస్తే నిద్ర కాస్త మెరుగైందని చెప్పే అధ్యయనాలు చాలా ఉన్నాయి. అయితే ఎక్కువ భాగం చిన్నవి, కొద్ది వారాలవి. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మాత్రనైతే ఉత్తుత్తి మాత్రతో మార్చి ఎవరికీ తెలీకుండా పరీక్షించవచ్చు, వాసనను దాచలేం కదా. పీల్చినవాళ్లకు తెలిసిపోతుంది. కాబట్టి పట్టిన నిద్రలో నూనె పాలు ఎంత, నమ్మకం పాలు ఎంత అని విడదీయడం కష్టం. నా అభిప్రాయం ఇది: మనసు కొంచెం బిగుసుకుని ఉన్న మనిషికి, పడుకునే వేళ సుమారుగా కుదిరిన మనిషికి లావెండర్ మెల్లగా సాయం చేస్తుంది. ఫోను కోసం చెవులు రిక్కించుకుని పడుకున్న మనిషికి అది చాలదు. మొదటి కొన్నాళ్లు మీకు పట్టిన నిద్ర అబద్ధం కాదు, తర్వాత అది పోవడంలో మీ తప్పూ లేదు. వాసన చుక్కలు పెంచితే తీరే లోటు కాదు అది.

సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి, అద్దాలు పెట్టుకుని మరీ. లావండులా అంగుస్టిఫోలియా అనే మొక్క పేరు ఉంటే అది అసలు లావెండర్. లావండిన్ అని ఉంటే సంకర జాతి. అందులో కర్పూరం పాలు ఎక్కువ, వాసన ఘాటుగా ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్లకు ఇంకా ఇబ్బంది. మొక్క పేరే లేకుండా ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని మాత్రమే ఉంటే అది సెంటే, మీ అత్తగారు అన్న మాటే నిజం. దానికి పెట్టిన డబ్బు పోయిందనుకోండి, బీరువాలో చీరల మధ్య పెట్టుకోవచ్చు. అసలైనదే అయినా మూత గట్టిగా బిగించి, చల్లని చీకటి చోట దాచాలి. మీ ఊళ్లో మే నెలలో కిటికీ పక్కన పెట్టిన నూనె త్వరగా చెడుతుంది. గాలి తగిలి పాతబడిన లావెండర్ నూనె ఒంటికి రాసుకుంటే దురద, దద్దుర్లు వచ్చే అవకాశం కొత్తదానికంటే ఎక్కువ. కణతలకు నేరుగా రాసుకుంటున్నానని రాశారు, అది మానండి. రాసుకోవాలంటే మూడు పెద్ద చెంచాల కొబ్బరినూనెలో ఎనిమిది, తొమ్మిది చుక్కలు మించకుండా కలిపి, ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి.

కుండీలో లావెండర్ మొక్క పెంచుకోవచ్చా అని కూడా అడిగారు. అది చలి ప్రాంతపు మొక్క. మన దేశంలో జమ్మూ వైపు దోడా జిల్లా భదర్వాలో, కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే అరోమా మిషన్ సాయంతో మొక్కజొన్న బదులు దీన్ని వేసి రైతులు బాగుపడ్డారు. తాడిపత్రి ఎండకు మాత్రం నిలవదు.

దానికంటే మీకు నచ్చే మాట ఒకటి చెబుతాను. లావెండర్ వాసనకు ముఖ్యమైన పదార్థాల్లో లినలూల్ ఒకటి. మన నల్లరేగడిలో పండే ధనియాల నూనెలో సగానికి పైగా ఉండేది అదే లినలూల్. మల్లెపూల వాసనలోనూ ఉంది. అంటే ధనియాలు దిండు కింద పెట్టుకుంటే నిద్ర వస్తుందని కాదు. సముద్రాలు దాటి వచ్చిన పరిమళంలో మాత్రమే మహిమ ఉందనుకోనక్కర్లేదు అంటున్నాను. పడుకునే ముందు రోజూ ఒకే వాసన పీలిస్తే, కొన్నాళ్లకు ఆ వాసన రాగానే ఒళ్లు “ఇక పడుకునే వేళ” అని గ్రహించడం మొదలుపెడుతుంది. అది మరువం కావచ్చు, నాలుగు మల్లెలు కావచ్చు, వట్టివేళ్లు కావచ్చు. మీ అత్తగారిని కూర్చోబెట్టుకుని “నీకు ఏ వాసన పడుతుందో చెప్పు అత్తా” అని అడగండి. ఆమె ఒప్పుకున్నది వాడితే గొడవ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. దీనికీ ఒక షరతు ఉంది: ఆయాసం ఉన్నవాళ్లకు పూల వాసన కూడా ఒక్కోసారి పడదు, దగ్గు వస్తే అదీ ఆపాల్సిందే.

అత్తగారి సంగతి వచ్చింది కాబట్టి. ఆమె మొండితనం చేస్తున్నారని మీ ఉత్తరంలో రెండు మూడు చోట్ల ఉంది. మీ కూతురు మీకోసం పంపింది కాబట్టి గిట్టడం లేదని మీ అనుమానం. కావచ్చు. కానీ ఆమె ఊపిరితిత్తులు చెప్పే మాట ముందు వినాలి. అగరుబత్తి, దోమల కాయిల్, సెంటు, ఘాటైన నూనె, ఏదైనా సరే ఆయాసం ఉన్నవాళ్ల శ్వాసనాళాలను బిగించగలదు. కూలర్‌లో పోసిన రాత్రి జరిగింది అదే. నూనె నీళ్లలో కలవదు, పైన తేలి గడ్డి మీదికి ఎక్కి అక్కడే పట్టుకుంటుంది. ఫ్యాను తిరిగినంతసేపూ ఆ ఘాటు గది మొత్తం కొడుతూనే ఉంటుంది, ఒక రాత్రితో పోదు కూడా. కూలర్ తొట్టి ఖాళీ చేసి, సబ్బునీళ్లతో కడిగి, గడ్డి మార్చండి. మార్చేదాకా పెద్దావిడను దాని ఎదురుగా పడుకోబెట్టకండి.

లావెండరే వాడాలని మీకు ఉంటే ఒక పద్ధతి ఉంది. చిన్న గుడ్డ ముక్క మీద ఒకటి, రెండు చుక్కలు వేసి, పడుకోబోయే ముందు మిద్దె మీదికో వరండాలోకో వెళ్లి ఐదు నిమిషాలు కూర్చుని నిదానంగా ఊపిరి పీల్చి వదలండి. తర్వాత ఆ గుడ్డను మూత ఉన్న డబ్బాలో పెట్టేసి లోపలికి రండి. అత్తగారికి వాసన తగలదు, దిండు గలీబు మీద మరకలూ ఉండవు. రాత్రంతా ముక్కు దగ్గర ఉండాల్సిన అవసరమూ లేదు. మీరు వేరే గదిలో పడుకోవడం ఇంకో దారి, కానీ 74 ఏళ్ల మనిషిని రాత్రిపూట ఒంటరిగా వదిలితే మీ చెవులు ఆ గోడ మీదే ఉంటాయి. మీకు నిద్ర అసలే రాదు. అది నేను వద్దంటాను.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. మీ నిద్రను పట్టుకుని కూర్చున్నది ఆ ఫోను. ఆ భయం ఉత్తదని నేను అనను. రాత్రిళ్లు లారీ నడపడం ప్రమాదమైన పనే, మీ కళ్ల ముందు ఒక కుటుంబం దెబ్బతింది. “ఏమీ కాదులే, ధైర్యంగా ఉండు” అని మీతో అన్నవాళ్లెవరూ ఆ ఘాట్ రోడ్డు మీద లోడు బండితో దిగినవాళ్లు కారు. కానీ ఫోను ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం మిమ్మల్ని సగం అరగదీస్తోంది. వేళ తెలిస్తే ఎదురుచూపుకు ఒక హద్దు ఉంటుంది.

భర్తతో మళ్లీ మాట్లాడండి. ఆయన అన్న మాట మనసుకు తగిలి ఉంటుంది. ఆ మాటలో అలసట ఉంది, నిద్ర లేని మనిషి విసురు ఉంది. ఆయన లోడు దించి వచ్చిన రోజు కాకుండా, ఒక రాత్రి ఇంట్లో పూర్తిగా నిద్రపోయి లేచిన మర్నాడు కదిలించండి. “నాకు నిద్ర పట్టడం లేదు” అని మొదలుపెడితే ఆయనకు అది నిందలా వినిపిస్తుంది. “రాత్రి తొమ్మిదికి హోటల్ దగ్గర ఆపినప్పుడు ఒక ఫోన్ చేయి. ఆ తర్వాత పొద్దున ఆరు దాకా ఫోన్ లేకపోతే అంతా బాగుందనే అనుకుంటా. ఏదైనా అయితే మాత్రం ఎంత రాత్రయినా చేయి” అని ఒక ఒప్పందంగా అడిగి చూడండి. ఆయనకూ ఇది మేలే. బండి నడుపుతూ ఫోను తీయాల్సిన పని ఉండదు, మీ కోసమని రెండింటికి మెలకువ తెచ్చుకోనక్కర్లేదు. మీకు మొదటి కొన్ని రాత్రులు చాలా కష్టంగా ఉంటాయి, తొమ్మిది తర్వాతి నిశ్శబ్దం భయపెడుతుంది. ఒప్పందం నిలబడేది ఆ కొన్ని రాత్రులు దాటితేనే.

కూతురు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టించమంది కదా. ఎనిమిది గంటల పాటు చూపించేలా పెట్టుకోవచ్చు. కొందరికి అది గొప్ప ధైర్యం. బండి కదులుతోందని ఒకసారి చూసుకుని పడుకుంటారు. మీ తత్వం చూస్తే పదిహేను నిమిషాలకోసారి ఆ చుక్కనే చూస్తూ కూర్చుంటారేమోనని నాకు అనుమానం. సిగ్నల్ లేక చుక్క ఆగిపోతే ఆ రాత్రి ఇక అంతే. మీ గురించి మీకే బాగా తెలుసు, ఆలోచించి ఎంచుకోండి. ఏ దారి పట్టినా ఫోనును దిండు కింద నుంచి తీసి, చేయి అందనంత దూరంలో, గూట్లో పెట్టండి. డిస్టర్బ్ చేయకుండా ఉండే సెట్టింగు పెట్టి, భర్త నంబరు, కూతురి నంబరు మాత్రం మోగేలా చేసుకోవచ్చు. కూతురు ఫోన్‌లోనే చెప్పి చేయిస్తుంది.

నిద్ర రాకపోతే పడక మీద దొర్లుతూ ఉండకండి. ఇరవై నిమిషాలు దాటిందనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని చేతికి తేలికైన పని పెట్టుకోండి. హుక్కులు కుట్టండి, కాజాలు కుట్టండి. మిషను మాత్రం తొక్కవద్దు. కళ్లు బరువెక్కాక మళ్లీ వెళ్లండి. రాత్రి ఎంత పాడైనా పొద్దున ఒకే వేళకు లేవండి, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని దాన్ని పూడ్చుకోవద్దు. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లకు మందుల కంటే ముందు ఇలాంటి పద్ధతులే నేర్పాలని 2016లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ చెప్పింది, ఆ తర్వాత యూరప్ నిపుణులూ అదే అన్నారు. ఎండాకాలం మీ మిద్దె రాత్రి పదకొండైనా చల్లారదు. పడుకోవడానికి గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. చన్నీళ్లు వద్దు. వెచ్చని నీళ్ల తర్వాత ఒళ్లు తనంతట తాను చల్లబడుతుంది, ఆ చల్లబడటమే నిద్రను తెస్తుంది.

చెమటలు పట్టి లేవడం, నెలసరి తప్పడం గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఈ వయసులో నెలసరి ఆగిపోయే ముందు రోజుల్లో నిద్ర చెడటం చాలా మామూలు. మీ నిద్రలేమిలో దీని వాటా భయం వాటాకు సమానంగా ఉండవచ్చు. దీన్ని లావెండర్‌తో గానీ ఆల్‌ప్రజోలామ్‌తో గానీ సర్దలేం. గైనకాలజిస్టును కలవండి, థైరాయిడ్, రక్తం శాతం పరీక్షలు చేయించుకోండి. రక్తం తక్కువైనా రాత్రిళ్లు కాళ్లు పీకి నిద్ర పాడవుతుంది.

అశ్వగంధ వాడొచ్చా అని కూడా మీరు అడిగారు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో పండే పెన్నేరు గడ్డే అది, ఊళ్లో దొరుకుతుంది కాబట్టి చేయి అటు పోవడం సహజం. నిద్రకు కొంత పనిచేస్తుందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. కానీ అది థైరాయిడ్ హార్మోన్లను కదిలించగలదు, అరుదుగా కొందరికి కాలేయం దెబ్బతింది. పరీక్షలు కాకముందు, మత్తు మాత్ర వాడుతుండగా దాన్ని మొదలుపెట్టకండి.

మాత్ర తగ్గించుకోవడానికి డాక్టరు దగ్గరికి ఎలా వెళ్లాలి అన్న సంకోచం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. తాడిపత్రిలోనే మీకు తెలిసిన ఫిజీషియన్ ఉంటే అక్కడే మొదలుపెట్టవచ్చు. ఊళ్లో తెలిసిన ముఖాలు ఉంటాయనుకుంటే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి, ఒక పూట ప్రయాణం. ఆ ఓపీలో కూర్చున్నవాళ్లలో చాలామంది మీలాగా నిద్ర కోసం, టెన్షన్ కోసం వచ్చినవాళ్లే. ముందు ఫోనులో ఎవరితోనైనా మాట్లాడి చూద్దామనుకుంటే టెలీమానస్ ఉంది. నంబరు 14416. ప్రభుత్వమే నడుపుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రిపూట కూడా పలుకుతారు. భయం మరీ ఎక్కువైన రాత్రి కూడా ఆ నంబరుకు చేయవచ్చు. ఎక్కడికి వెళ్లినా మాత్రల స్ట్రిప్పు, లావెండర్ సీసా రెండూ సంచిలో వేసుకుని వెళ్లండి, ఎన్నాళ్లుగా ఎంత వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. పాత చీటీ అత్తగారిదని చెప్పడానికీ సిగ్గుపడకండి. డాక్టరుకు కావాల్సింది లెక్క.

క్యాబిన్‌లో పెట్టిన రెండో సీసా మాత్రం ఆయన ఈ ట్రిప్పు నుంచి రాగానే తీసేయండి. ఆ వాసన డ్రైవరును నిద్రపుచ్చుతుందని నేను తేల్చి చెప్పడం లేదు. కానీ నిద్ర కోసం చేసిన నూనె, రాత్రంతా మెలకువగా ఉండాల్సిన మనిషి పక్కన మూసిన క్యాబిన్‌లో ఉండాల్సిన అవసరం ఏముంది? ఆయనకు కావాల్సింది లోడు దించాక ఎవరూ లేపకుండా ఆరేడు గంటల నిద్ర. ఆయన ఇంట్లో ఉన్న పగళ్లలో మీ మిషను చప్పుడు వేరే గదికి మార్చగలిగితే అంతకంటే మంచి కానుక లేదు.

కూతురికి ఏం చెప్పాలి అన్నది మిగిలింది. నూనె బాగానే పనిచేస్తోందని చెప్పి ఊరుకోవచ్చు, ఆమె సంతోషిస్తుంది, వచ్చే నెల ఇంకో సీసా వస్తుంది, మీరు లోపల్లోపల దొర్లుతూనే ఉంటారు. పనిచేయలేదని మాత్రమే చెబితే వేరే నూనె వెతుకుతుంది. ఆ పిల్ల ఊరికే ఉండే రకం కాదని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. మాత్ర సంగతితో సహా మొత్తం చెబితే కంగారు పడుతుంది, ఒకటి రెండు రోజులు గట్టిగా అరుస్తుంది కూడా. అయినా మీ వైపు నిలబడటానికి ఇంట్లో ఒక మనిషికి నిజం తెలియాలి, ఆ మనిషి భర్త కంటే ముందు కూతురైతేనే మీకు సులువు అని నాకనిపిస్తోంది. చెప్పేటప్పుడు ఆమె చేయగలిగిన పని ఒకటి చేతిలో పెట్టండి. మొదటిసారి డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే మీరు వెళ్లి రండి. మోతాదు తగ్గించడం మొదలయ్యాక రెండోసారి చూపించుకునే రోజును శనివారానికి అడగండి. శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కితే తెల్లారేసరికి అనంతపురంలో ఉంటుంది, ఓపీ చీటీ తీసుకునే వరుసలో మీతో పాటు నిలబడుతుంది.